తెలిసే తలకెత్తుకున్నారా?

మా వాడికి 12 ఏళ్లు. ఆగస్టులో మొదలయ్యే స్కూల్ ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి పంపమని మే నెల నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, ఇక్కడి ఫుట్‌బాల్. కోలబంతి, హెల్మెట్లు, ఒకళ్ల మీద ఒకళ్లు పడటం. పిట్స్‌బర్గ్‌లో ఉంటూ ఈ ఆట వద్దనడం, భీమవరంలో ఉంటూ సంక్రాంతికి కోడిపందేల మాట ఎత్తొద్దనడం లాంటిదని మా ఆయన ఉద్దేశం. ఈ ఊరి టీమ్ స్టీలర్స్ వాళ్ల పసుపు తువ్వాలు ఎప్పుడూ మా హాల్లోనే వేలాడుతూ ఉంటుంది. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని దేవుడి గుడ్డ అనుకుని, శుభ్రంగా ఉతికి దేవుడి గూట్లో మడతపెట్టారు. ఆ సీజన్లో టీమ్ బాగా ఆడింది అందుకేనని ఈయన ఇప్పటికీ చెబుతారు.

పోయిన వారం స్కూల్ నుంచి వచ్చిన కాగితాల్లో ఒకటి కంకషన్ (తలదెబ్బకి మెదడు అదరడం) ఫారం. పెన్సిల్వేనియాలో 2011లో చేసిన చట్టం ప్రకారం, తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో చదివామని తల్లో తండ్రో, పిల్లవాడూ కూడా ఏటేటా సంతకం పెడితే గానీ మైదానంలోకి రానివ్వరు. ఫారంలో అన్నీ తేట మాటలే. దెబ్బకి స్పృహ తప్పాల్సిన పని లేదు. తలనొప్పి, కడుపులో తిప్పడం, వెలుతురు చూడలేకపోవడం, మతిమరుపు, ఊరికే చిరాకు, ఇవన్నీ గుర్తులే. మెదడు కోలుకోకముందే మళ్లీ ఆడితే నష్టం ఇంకా పెద్దది కావచ్చు.

పెన్ను తీసుకుని కూర్చున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఇది చదివి నేను సంతకం పెట్టాక వాడికి ఏదైనా అయితే ఆ పూచీ ఎవరిది? "చెప్పాం కదా, చదివే కదా సంతకం పెట్టారు" అంటారు. అందులో న్యాయం కూడా ఉంది. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఏడో తరగతి పిల్లాడికి ఒక్క పేజీలో చెప్పిన ఈ సంగతి, ఇదే ఊరి టీమ్‌కి 15 సీజన్లు ఆడిన మైక్ వెబ్‌స్టర్‌కి ఎవరూ కాగితం మీద పెట్టి ఇవ్వలేదు.

ఆ మాటే పైకి అన్నాను. "వెబ్‌స్టర్‌కి తెలియకపోవడమేంటి? తలతో ఢీకొట్టడమే ఆయన ఉద్యోగం. తెలిసే తలకెత్తుకున్నాడు. డబ్బు తీసుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు" అన్నారు మా ఆయన, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో మూడు రోజులు వాదన నడిచింది. ఈ పోస్టు ఆ వాదనలో నా వైపు. ఆయన వైపు కూడా వీలైనంత నిజాయితీగా పెడతాను. ఆయనకి బ్లాగు లేదు పాపం.

దెబ్బ వేరు, మాట వేరు

ముందు ఆయన మాటలో నిజమెంతో ఒప్పుకోవాలి. మోకాళ్లు పోతాయని, వేళ్లు వంకరపోతాయని, 40 దాటాక మెట్లు దిగడం కష్టమవుతుందని ఆ ఆటగాళ్లందరికీ తెలుసు. బాక్సర్లకి దెబ్బల వల్ల మతి చెడుతుందని హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశాడు. కాబట్టి తల పగలగొట్టుకోవడం ఒంటికి మంచిది కాదన్న సంగతి ఎవరికీ తెలియదని అనలేం.

వెబ్‌స్టర్ ఆడింది సెంటర్ స్థానంలో. వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణమే ఎదుటివాడి మీదికి తలతో దూకాలి. ప్రతి మ్యాచ్‌లో, ప్రతి ప్రాక్టీసులో అదే పని. నాలుగు సూపర్ బౌల్స్ (ఈ ఆట ఫైనల్స్) గెలిచిన జట్టులో ఆయన్ని "ఐరన్ మైక్" అనేవాళ్లు. కాన్సస్ సిటీకి ఇంకో రెండు సీజన్లు ఆడి 1990తో ఆపేశాడు. తర్వాత కొన్నేళ్లకే నిద్ర పట్టని, మాట నిలవని, చేతిలో డబ్బు నిలవని మనిషయ్యాడు. పికప్ ట్రక్కులో పడుకున్న రోజులున్నాయి. 2002 సెప్టెంబరులో, 50 ఏళ్లకే పోయాడు.

మోకాలు పోతుందని తెలిసి ఒప్పుకోవడం వేరు. 45 ఏళ్లకి తన ఇంటి దారి తనకే తెలియకుండా పోతుందని తెలిసి ఒప్పుకోవడం వేరు. ఎవరూ చెప్పనిదానికి ఒప్పుకోలు ఎక్కడి నుంచి వస్తుంది?

"వెబ్‌స్టర్ ఆడటం మొదలుపెట్టిన 1974లో లీగ్‌కి మాత్రం తెలుసా?" అన్నారు మా ఆయన. లీగ్ అంటే ఈ ఆటని నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్.

తెలియదు. అందుకే 1974లో తగిలిన దెబ్బకి లీగ్‌ని కోర్టుకి ఈడ్చమని నేననడం లేదు. నా ఫిర్యాదు అంతకన్నా చిన్నది. దెబ్బ సంగతి అటుంచండి. లీగ్ తన నోటితో అన్న మాటకి లీగే పూచీ పడాలి అంటున్నాను.

1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ తలదెబ్బల మీద ఒక కమిటీ వేసింది. కమిటీ పేరులోనే "మైల్డ్" అన్న మాట ఉంది. వేయమని ఏ చట్టమూ అడగలేదు, తనంతట తానే వేసింది. దానికి అధ్యక్షుడిగా పెట్టింది ఎలియట్ పెల్‌మన్‌ని. ఆయన కీళ్లవాతం డాక్టరు, న్యూయార్క్ జెట్స్ టీమ్ డాక్టరు కూడా. ఆ కమిటీ వైద్య పత్రికలో వరసగా వ్యాసాలు వేసింది. కంకషన్ అయిన ఆటగాడు అదే మ్యాచ్‌లో మళ్లీ దిగినా చెప్పుకోదగ్గ ముప్పేమీ లేదని 2005లో వచ్చిన ఒక వ్యాసం సారాంశం. మా వాడి ఫారంలో ఉన్నదానికి అది సరిగ్గా తిరగేసిన మాట.

లీగ్ నోరు మెదపకుండా ఊరుకుని ఉంటే నాకు ఇంత పట్టుదల ఉండేది కాదు. "మేం ఆట నడుపుతాం, మీ వైద్యం మీరు చూసుకోండి" అని ఉంటే ఆటగాడు బయటి డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు, లేదా వెళ్లేవాడు కాదు, అది అతని ఇష్టం. కానీ లీగ్ అలా అనలేదు. మేం పరిశోధన చేయిస్తున్నాం, మా డాక్టర్లు చూస్తున్నారు, భయం లేదు అంది. ఎవరూ అడక్కుండానే కాపలాకి దిగినవాడు, కాపలా సరిగ్గా కాసి తీరాలి. అడగనిదే నెత్తినేసుకున్న పనికి కూడా పూచీ ఉంటుందని ఇక్కడి చట్టంలోనూ ఉంది. ఆటగాళ్లు వేసిన దావాల్లో అదీ ఒక వాదన.

ఒకే ఇంట్లో రెండు నాలుకలు

నన్ను బాగా పట్టి కుదిపిన సంగతి ఇంకొకటి. 1999లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల పెన్షన్ బోర్డు వెబ్‌స్టర్ అర్జీని ఒప్పుకుంది. ఆట వల్ల తలకి తగిలిన దెబ్బలతోనే ఈయన పూర్తిగా, శాశ్వతంగా పనికి చేతకాకుండా పోయాడని డాక్టర్ల రిపోర్టుల మీద తేల్చింది. ఏ తేదీ నుంచి లెక్క కట్టాలన్న గొడవ మాత్రం కోర్టుల్లో నడిచి, ఆయన పోయిన నాలుగేళ్లకి, 2006లో వారసుల వైపు తేలింది.

ఇప్పుడు ఆ తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. 2007లో లీగ్ ఆటగాళ్లకి ఒక కరపత్రం పంచింది. ప్రతి కంకషన్‌కీ సరిగ్గా వైద్యం జరిగితే, ఒకటి రెండు మించి వచ్చినా శాశ్వత నష్టం ఉంటుందని పరిశోధనల్లో తేలలేదు అని అందులో ఉంది. పెన్షన్ బోర్డు నిర్ణయానికీ ఈ కరపత్రానికీ మధ్య ఎనిమిదేళ్లు. ఒక చేయి చెక్కు రాస్తోంది, ఇంకో చేయి అలాంటిదేమీ లేదని రాస్తోంది.

లీగ్ తరఫు జవాబు నాకు తెలుసు. ఆ బోర్డు మాది కాదు, అందులో సగం టీమ్ ఓనర్ల మనుషులు, సగం ఆటగాళ్ల సంఘం మనుషులు, దాని నిర్ణయం మా నిర్ణయం కాదు అంటారు. కాగితం మీద సరైన మాటే. కానీ ముగ్గురు మనుషుల్ని ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టిన ఓనర్లకి, ఆ బల్ల మీద ఏం తేలిందో చేరలేదంటే నేను నమ్మను. ఇది నా అనుమానం, రుజువు కాదు. రుజువు ఎందుకు లేదో తర్వాత చెబుతాను.

ఆ మధ్యలో జరిగింది చాలామందికి తెలిసిందే. వెబ్‌స్టర్ శవపరీక్ష ఇక్కడి అలెగెనీ కౌంటీ కరోనర్ (చావుకి కారణం తేల్చే అధికారి) ఆఫీసులోనే జరిగింది. బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టరు ఆ మెదడుని చూశాడు. పైకి మామూలుగానే ఉంది. పలచగా కోసి స్లైడ్లు చేయిస్తే, అంత వయసు లేనివాడిలో ఉండకూడని టౌ ప్రొటీన్ ముద్దలు కనిపించాయి. పదే పదే తలకి దెబ్బలు తగిలినవాళ్లలో మెదడు క్షీణించే ఆ జబ్బుకి సీటీఈ అని పేరు. 2005లో వ్యాసం వచ్చింది. లీగ్ కమిటీలోని ముగ్గురు సభ్యులు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పత్రికకి రాశారు. ఒమాలు అనేది ఆ నైజీరియా డాక్టరు ఇంటిపేరుకి కుదింపు అట. పూర్తి పేరుకి "తెలిసినవాడు ముందుకొచ్చి చెప్పాలి" అని అర్థం అట. కథలో రాస్తే అతిగా ఉందని ఎడిటర్ కొట్టేసే సంగతి.

మొన్న ఆదివారం పెన్‌హిల్స్ గుళ్లో దర్శనమయ్యాక, కింద క్యాంటీన్లో పులిహోర తింటుంటే ఒక పెద్దాయన కలిశారు. గుంటూరులో చదివి, 70ల్లో ఇక్కడికొచ్చి, ఈ ఊరి ఆసుపత్రుల్లోనే రిటైరైన డాక్టరు గారు. వెబ్‌స్టర్ ఆడటం కళ్లారా చూసినవాళ్లు.

"ఏమ్మా, పిల్లాణ్ణి ఆడనివ్వట్లేదటగా?"

"ఇంకా ఏదీ తేల్చుకోలేదండీ" అన్నాను. నా వాదనంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"చూడమ్మా, 2005లో ఒకాయన ఒక్క మెదడు చూసి ఒక పేపరు రాశాడు. ఒక్కటి. మేం చదువుకునే రోజుల్లో ఒక్క కేసు చూసి ఏదైనా అంటే మా ప్రొఫెసరు గారు గదిలోంచి బయటికి పంపేవారు. అనుమానించడం డాక్టరు పని. దాన్ని నేరం అంటే రేపు ఏ డాక్టరూ నోరు విప్పడు" అన్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. మనసులో ఆయన వైపే ఒక అడుగు వేశాను కూడా. కారులో ఇంటికొస్తుంటే తోచింది. "ఇంకా తెలియదు" అనడం వేరు, "ఏమీ లేదు" అనడం వేరు. మొదటిది సైన్సు. ఆ మాటే కరపత్రంలో రాసి ఉంటే, "మాకింకా తెలియదు, కొందరు డాక్టర్లు ముప్పు ఉందంటున్నారు, మీరే ఆలోచించుకోండి" అని ఉంటే, నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. ఒక కేసుని అనుమానించేవాళ్లు రెండో కేసు కోసం వెతుకుతారు, మొదటిదాన్ని చెరిపెయ్యమని ఉత్తరం రాయరు. కంచే చేను మేయడమంటే ఇదే అనిపిస్తుంది నాకు.

2009 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కమిషనర్ రోజర్ గుడెల్‌ని నేరుగా అడిగారు, ఈ ఆటకీ ఆ జబ్బుకీ సంబంధం ఉందా అని. వైద్య నిపుణులు తేల్చాలి అన్నాడాయన. పొగాకు కంపెనీలు కూడా ఇలాగే అనేవి అని లిండా శాంచెజ్ అనే సభ్యురాలు అక్కడే అనేసింది. రెండు నెలలు తిరక్కుండా లీగ్ ప్రతినిధి మాట మారింది. 2010లో లాకర్ రూముల్లో హెచ్చరిక పోస్టరు వెలిసింది. 2016లో లీగ్ ఆరోగ్య విభాగం పెద్ద కాంగ్రెస్ సభ్యుల ముందు సంబంధం ఉందని ఒప్పేసుకున్నాడు. పోస్టరు పెట్టడానికి పట్టింది ఒక వేసవి. ఆ పని అంతకు ముందే ఎందుకు చేయలేదు?

సంఘం సంగతి

లీగ్‌ని అంటే సరిపోదు. ఆటగాళ్ల సంఘం ఆ పెన్షన్ బోర్డులో సగం కుర్చీల్లో కూర్చుంది. దానికి ఆ నిర్ణయం తెలుసు. మరి అదెందుకు ఊరంతా చాటలేదు?

డేవ్ డ్యూయర్సన్ అనే ఆయన షికాగో బేర్స్‌కి ఆడాడు. తర్వాత సంఘం తరఫున అదే బోర్డులో కూర్చుని తోటి ఆటగాళ్ల అర్జీలు చూశాడు. 2007లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, మా నాన్నకీ ఆల్జీమర్స్ ఉంది, ఆయన ఎప్పుడూ ప్రొఫెషనల్ ఆట ఆడలేదు అన్న అర్థంలో చెప్పాడు. 2011 ఫిబ్రవరిలో, 50 ఏళ్ల వయసులో, తన మెదడుని పరీక్షకి ఇవ్వమని ఇంట్లోవాళ్లకి చెప్పి ఆత్మహత్య చేసుకున్నాడు. పరీక్షిస్తే సీటీఈ ఉంది.

దీని గురించి ఇంకో నాలుగు మాటలు రాసి తీసేశాను. ఆయన్ని తప్పుపట్టే వయసూ అనుభవమూ నాకు లేవు.

పెదనాన్న బీడీలు

మా పెదనాన్న మార్కాపురం దగ్గర పలకల క్వారీలో పనిచేశాడు. చిన్నప్పుడు మేం బళ్లో రాసుకున్న పలకలు ఆ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. 40 దాటేసరికి దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు, మందులు మింగించారు, తగ్గలేదు. యజమాని మంచం దగ్గరికి వచ్చి, పళ్లు ఇచ్చి, "ముందు ఆ బీడీలు మానమనండమ్మా" అని మా పెద్దమ్మకి చెప్పి వెళ్లాడు.

ఇబ్బంది ఏమిటంటే, పెదనాన్న నిజంగానే రోజుకో కట్ట బీడీలు తాగేవాడు. ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది దుమ్మా, పొగా, టీబీనా అంటే నేను ఇప్పటికీ చెప్పలేను. యజమాని మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అది అంత బాగా పనిచేసింది.

ఫుట్‌బాల్ కేసులో కూడా నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదే. ఒకాయనకి 60 ఏళ్లకి మతిమరుపు వస్తే, అది ఆట వల్లనే అని ఎలా చెప్పడం? తాగుడు ఉండొచ్చు, కుటుంబంలో జబ్బు ఉండొచ్చు, స్కూల్లోనూ కాలేజీలోనూ తగిలిన దెబ్బలు ఉండొచ్చు. వాటికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఎందుకు కట్టాలి? సీటీఈని చనిపోయాక గానీ నిశ్చయంగా చెప్పలేరు. 2017లో బోస్టన్ యూనివర్సిటీలో ఆన్ మెకీ బృందం 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో ఉందన్న లెక్క అందరూ చెబుతారు. కానీ ఆ మెదళ్లు ఇచ్చింది ఏదో తేడా చూసి అనుమానపడిన కుటుంబాలు. హాయిగా 85 ఏళ్లు బతికి పోయినవాడి మెదడుని ఎవరు పంపుతారు? 110 అంకెని అడ్డం పెట్టుకుని నూటికి 99 మందికి జబ్బు అనేవాళ్లని చూస్తే నాకు చిరాకు. మన వాదనకి బలం చేకూరుస్తుంది కదా అని తప్పు లెక్కని భుజానికెత్తుకోకూడదు.

అయినా నేను నా వైపే ఉండటానికి కారణం ఉంది. ఈ సందేహం ఎవరికి లాభం చేకూర్చాలి అన్నది అసలు ప్రశ్న. పెదనాన్న దగ్గర ఎక్స్‌రే లేదు, దుమ్ము ఎంతుందో కొలిచే సాధనం లేదు. అవి పెట్టగలిగినవాడు యజమాని. పెట్టలేదు. పెట్టనందువల్ల పుట్టిన సందేహాన్నే తన జవాబుగా వాడుకున్నాడు. లీగ్ దగ్గర డాక్టర్లున్నారు, ప్రతి టీమ్ నుంచీ దెబ్బల లెక్క తెప్పించుకునే ఏర్పాటుంది. 1996 నుంచి 2001 దాకా ఆ లెక్కల మీద కట్టిన కమిటీ పరిశోధనలో కనీసం 100 కంకషన్లు చేరనేలేదని 2016లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. లీగ్ ఆ కథనాన్ని గట్టిగా ఖండించింది. కావాలని వదిలేశారా, అలసత్వమా నాకు తెలియదు. ఏదైనా సరే, లెక్క రాసే పుస్తకం ఎవరి చేతిలో ఉందో, లెక్క తేలకపోతే నష్టం వాళ్లే భరించాలి. మన కిరాణా కొట్టు ఖాతాకి కూడా అదే న్యాయం.

డబ్బు వచ్చింది, మాట రాలేదు

2011 వేసవిలో మొదటి దావాలు పడ్డాయి. తర్వాత అన్నీ కలిపి ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో జడ్జి అనీటా బ్రాడీ ముందుకి చేరాయి. 4,500 మందికి పైగా మాజీ ఆటగాళ్లు. 2013 ఏప్రిల్లో లీగ్ లాయర్లు ఒక్కటే వాదించారు. ఇదంతా సంఘంతో చేసుకున్న ఉద్యోగ ఒప్పందం కిందికి వచ్చే గొడవ, కోర్టుకి సంబంధం లేదు, మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి అని. జడ్జి దాని మీద తీర్పు ఇవ్వకుండా రాజీకి కూర్చోమంది. ఆగస్టు చివర్లో, కొత్త సీజన్ మొదలవడానికి వారం ముందు, 76.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ డబ్బు చాలదేమోనని జడ్జే మొదట ఆపింది. 2014లో పై పరిమితి తీసేశారు, 2015 ఏప్రిల్ 22న తుది ఆమోదం వచ్చింది. 20,000 మందికి పైగా మాజీ ఆటగాళ్లకి వర్తిస్తుంది. ఇప్పటికి 100 కోట్ల డాలర్లు దాటి చెల్లించారు. ఏఎల్‌ఎస్ (కండరాలు చచ్చుబడే జబ్బు) వస్తే 50 లక్షల డాలర్ల దాకా, ఆల్జీమర్స్, పార్కిన్సన్స్ వస్తే 35 లక్షల దాకా. వయసు పెరిగేకొద్దీ, ఆడిన సీజన్లు తగ్గేకొద్దీ కోత.

సీటీఈకి మాత్రం విచిత్రమైన గీత గీశారు. ఆ ఏప్రిల్ 22 లోపు చనిపోయి, మెదడులో సీటీఈ తేలితే 40 లక్షల దాకా వస్తుంది. ఆ తర్వాత చనిపోతే, సీటీఈ ఒక్కటే కారణంగా పైసా రాదు. బతికున్నవాళ్లు మిగతా జబ్బులకి పరీక్ష చేయించుకోవచ్చు కదా అన్నది కోర్టు తర్కం. అందులో అర్థం లేకపోలేదు. కానీ ఈ గొడవంతా ఏ జబ్బు పేరుతో మొదలైందో, ఆ జబ్బే ఒప్పందంలో గతమైపోయింది.

ఇంకో సంగతి 2020లో బయటపడింది. మతి ఎంత తగ్గిందో చూసే పరీక్షల్లో, నల్లజాతి ఆటగాళ్లకి మొదటి నుంచే తెలివి తక్కువ స్థాయిలో ఉంటుందని లెక్కవేసి మార్కులు సరిచేస్తున్నారు. మొదలే తక్కువ అనుకుంటే తగ్గినట్టు చూపించడం కష్టం, డబ్బు రావడం కష్టం. కెవిన్ హెన్రీ, నాజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ స్టీలర్స్ దావా వేశాక, 2021లో ఆ పద్ధతి ఆపుతామన్నారు. 2022లో కోర్టు మార్పుని ఆమోదించింది. ఇది చదివిన రాత్రి మా ఆయన టీవీ ఆపేశారు. వాదనలో నాకు దక్కిన ఒకే ఒక్క పాయింటు అది.

అయితే రాజీ పడినవాళ్లని నేను తప్పుపట్టను. జడ్జి ఉద్యోగ ఒప్పందం వాదనని ఒప్పుకుని ఉంటే వేలమంది చేతికి చిప్పే వచ్చేది. విచారణ జరిగినా ఆటగాళ్లే గెలుస్తారని పూచీ లేదు. 2022లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ గీ అనే కాలేజీ ఆటగాడి కేసు జ్యూరీ దాకా వెళ్లింది. కాలేజీ క్రీడల సంస్థ తప్పేమీ లేదని జ్యూరీ తేల్చింది. అన్నం తినిపిస్తే గానీ తినలేని భర్తని పెట్టుకున్న ఇల్లాలికి, పదేళ్ల తర్వాత వచ్చే నిజం కన్నా ఈ ఏడాది వచ్చే చెక్కు ముఖ్యం. అప్పీలు కోర్టు కూడా 2016లో అదే అంది, పరిపూర్ణం కాకపోయినా న్యాయమైనదే అని.

నా బాధ వేరు. ఆ రాజీలో లీగ్ ఏ తప్పూ ఒప్పుకోలేదు. విచారణ జరగలేదు కాబట్టి కమిటీ మనుషుల్ని ప్రమాణం చేయించి ఎవరూ అడగలేదు. పెన్షన్ బోర్డులో తేలిన సంగతి ఎవరెవరి బల్లల మీదికి వెళ్లిందో చూపించే ఉత్తరాలు ఆ కోర్టు గదిలోకి రాలేదు. రుజువు లేదని ఇందాక అన్నది ఇందుకే. జూనియర్ సియావ్ అనే మాజీ ఆటగాడి కుటుంబం ఒప్పందం నుంచి బయటికి వచ్చి సొంతంగా పోరాడింది. అది కూడా 2018లో రాజీతోనే ముగిసింది, వివరాలు గోప్యం.

ఇంగ్లండు వైపు చూస్తే తిరగేసిన బొమ్మ కనబడుతుంది. అక్కడి ఫుట్‌బాల్ మనకి తెలిసిన ఫుట్‌బాలే. వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌కి ఆడిన జెఫ్ ఆసిల్ తలతో గోల్స్ కొట్టడంలో మొనగాడు. వెబ్‌స్టర్ పోయిన సంవత్సరమే, 2002 జనవరిలో, 59 ఏళ్లకి మతి పూర్తిగా చెడిపోయి చనిపోయాడు. ఆ నవంబరులో కరోనర్ ఇచ్చిన తీర్పు ఒక్క ముక్క: వృత్తి వల్ల వచ్చిన జబ్బు. అంత సూటి మాట ఎన్‌ఎఫ్‌ఎల్ రాజీలో రాలేదు. కానీ ఆ మాట వెనక డబ్బు రాలేదు. పెద్ద అధ్యయనం రావడానికే 17 ఏళ్లు పట్టింది. 2019లో గ్లాస్గోలో విలీ స్టూవర్ట్ బృందం 7,676 మంది మాజీ స్కాటిష్ ఆటగాళ్ల రికార్డులు చూస్తే, మెదడు క్షీణించే జబ్బులతో చావులు మామూలు జనం కన్నా మూడున్నర రెట్లు ఉన్నాయి. తర్వాత వివరంగా చూస్తే గోల్‌కీపర్లలో ఆ తేడా లేదు, డిఫెండర్లలో అన్నిటికన్నా ఎక్కువ. తలతో బంతిని కొట్టేది ఎవరో, కొట్టనిది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మాజీ ఆటగాళ్ల దావాలు అక్కడి హైకోర్టుకి చేరాయి.

మా పెద్దమ్మని అడిగితే ఈ రెంటిలో ఏది కావాలంటుందో అని ఆలోచించాను. ఆమెకి డబ్బు అవసరం, సందేహం లేదు. అయినా చివరి రోజుల దాకా ఆమె చెప్పుకుని ఏడ్చింది డబ్బు గురించి కాదు. "బీడీలు, బీడీలు అన్నారే గానీ, దుమ్ము అని ఒక్కడూ అనలేదే" అని.

ఫారం

నిన్న రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి ఫారం మొత్తం చదివించాను. ఏం అర్థమైందో చెప్పమన్నాను.

"తలకి దెబ్బ తగిలి ఏదోలా ఉంటే కోచ్‌కి చెప్పాలి."

"చెబుతావా?"

కాసేపు ఆలోచించాడు. "చెబితే కూర్చోబెట్టేస్తారు కదమ్మా. నా ప్లేస్ ఇంకొకడికి ఇచ్చేస్తారు."

పక్కనే ఉన్న మా ఆయన చేతిలో పేపరు కిందికి దించారు. ఇంకా జట్టులో చేరనే లేదు, అప్పుడే చోటు పోతుందని భయం. అన్నీ చెప్పాక కూడా ఇది. మూడు రోజుల నుంచి చెప్పడం, దాచడం అంటూ నేను కట్టుకున్న వాదనకి ఇది ఎక్కడ అతుకుతుందో నాకు తెలియడం లేదు.

ఫారం ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. వాడు పడుకున్నాక మళ్లీ తీసి చూశాను. తల్లిదండ్రుల సంతకం అన్న గీత ఖాళీగా ఉంది. విద్యార్థి సంతకం అన్న గీత మీద వాడు అప్పటికే పెట్టేశాడు, నీలం జెల్ పెన్నుతో, పేరు చివర చిన్న కోలబంతి బొమ్మ కూడా వేసి.